శుభలేఖల కట్టలో ఎర్రెద్దు

మొన్న శనివారం పొద్దున దీపం పెట్టుకొని, రామకోటి పుస్తకంలో ఆ రోజు పేజీ రాసి ముగించి లేవబోతుంటే మనవరాలు ఫోను పట్టుకొని వచ్చి నా పక్కన చతికిలబడింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వాళ్ల మేడం ఒక పని ఇచ్చిందట. ఏదో ఒక విషయం మీద, చదివినవాళ్లు ‘అవును నిజమే’ అని ఒప్పుకునేటట్టు వ్యాసం రాయాలి. బాగున్నవాటిని నిజంగానే పత్రికకు పంపుతారట. కాలేజీ ముందర బస్సు ఆగే చోట నీడ లేదన్న సంగతి రాద్దామనుకుంది మా పిల్ల. రెండు రోజులుగా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"రాస్తే మాత్రం ఎవలు సదువుతరు అమ్మమ్మా? తెల్లారి మిర్చిబజ్జీలు కట్టిస్తరు దాంట్ల," అంది.

నేనేదో చెప్పబోయాను. అంతలో కింద వీధిలో చెరుకు రసం బండి గజ్జెల చప్పుడు వినిపించింది. గడ నలిగిన పచ్చి వాసన, దాని వెనకాలే నిమ్మకాయ వాసన మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చాయి. చెప్పబోయిన మాట మరిచిపోయాను.

"నేనూ ఒకసారి పేపరుకు రాసిన," అన్నాను.

పిల్ల ఫోను పక్కన పెట్టింది. "నువ్వా? నువ్వు బడికే పోలేదంటివి గద!"

నిజమే, పోలేదు. అయినా రాశాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. నా గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఒక చిన్న మాట ఎంత దూరం తిరిగి, ఎక్కడెక్కడ ఆగి, చేరవలసిన చోటికి ఎలా చేరిందో చూసిన ఆశ్చర్యం అది. ఆ ఆశ్చర్యం ఇన్నేళ్లయినా తగ్గలేదు.

*

మాది బోధన్‌కు దగ్గరలో, ఒక వాగు పక్కన ఊరు. చలికాలం మొదలైందంటే మా ఊరి గాలే తియ్యగా అయిపోయేది. పొద్దున దుప్పటి ముసుగు తీయగానే ముక్కుకు తగిలేది ఉడుకుతున్న చెరుకు మడ్డి వాసన. అది బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గొట్టంలోంచి వస్తుందని పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు మాత్రం దేవుడు ఎక్కడో పాయసం వండుతున్నాడనే అనుకునేదాన్ని.

ఇక బండ్లు. ఇప్పటి ట్రాక్టర్లు, లారీలు చూసిన పిల్లలకు ఆ బండ్ల సంగతి ఎలా చెప్పాలో తెలియదు. ఒకదాని వెనక ఒకటి, మంచులోంచి బయటికి వచ్చేవి. చెరుకు ఎంత ఎత్తు పేర్చేవారంటే బండి కనిపించేది కాదు, ఎడ్లు సగమే కనిపించేవి. చేలే లేచి నడిచి వస్తున్నాయా అన్నట్టుండేది. చక్రాల కిర్రుమనే చప్పుడు, ఎడ్ల మెడల్లో గంటలు, మధ్య మధ్య మరాఠీ పాట అందుకునే బండివాళ్లు. మా వాకిట్లో నిలబడి నోరు తెరిచి చూసేదాన్ని. అవ్వ వచ్చి నా నోరు మూసేది. మా దిక్కున తల్లిని అవ్వ అంటారు. "ఈగలు వోతయ్, నోరు ముయ్యె," అనేది.

ఆ బండ్లన్నింటిలో ఎత్తయినది మా బాపుది, అంటే మా నాన్నది. చెరుకు తెమ్మని ఫ్యాక్టరీ వాళ్లు చీటీ పంపేవారు, ఒక చీటీకి ఒక బండి చెరుకే తీసుకునేవారు. చీటీలు రోజూ రావు. కోసిన చెరుకు చేనులో ఎండిపోతుంది. అందుకే అందరూ ఒక్క బండిలోనే పట్టినంతా పెట్టేవారు. మా బాపు పట్టనిది కూడా పెట్టేవాడు. చెరుకాకుతోనే కట్టిన కట్టను మోపు అంటారు. అందరూ దిగిపోయాక కూడా బాపు బండి మీద నిలబడి, "ఇంకో మోపు అందియ్యిండ్రి," అనేవాడు. ఊళ్లో వాళ్లు దాన్ని చూసి మురిసిపోయేవారు. "నీ బండి అస్తుందంటే ఫ్యాక్టరీ దర్వాజ గూడ జరుగుతదిరా," అనేవారు. బాపు మీసం కింద నవ్వుకునేవాడు. మంచి మనిషి. ఆ ఒక్క నవ్వు కోసమే ఆ నాలుగు మోపులూ ఎక్కువ పెట్టేవాడని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఆ బండికి రెండెడ్లు. ఒకటి తెల్లది, వయసులో ఉన్నది. రెండోది ఎర్రెద్దు, నాకంటే రెండేళ్లు పెద్దది. మా అవ్వ పుట్టిల్లు వేల్పూర్ దిక్కు. అక్కడివాళ్లు పసుపు పండిస్తారు. అవ్వ పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ ఇంటి నుంచి ఒక పసుపు బస్తా, ఒక ఎర్ర దూడ వచ్చాయి. బస్తా ఏటేటా కొత్తది వచ్చేది. దూడ మాత్రం ఇక్కడే ఉండి ఎద్దయి, ముసలిదయింది.

*

ఆరేళ్ల వయసులో నాకు పెద్ద జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ ఎడమ కాలు రెండేళ్లు నేల మీద సరిగా ఆనలేదు. బడి వాగు అవతల ఉండేది. ఎత్తుకొని దాటించేవాళ్లు లేక బడి మాట అక్కడితో ఆగింది. దేవుడు ఒక తలుపు మూసి మరోటి తెరిచాడని పెద్దలు అంటుంటారు. నాకు తెరిచిన తలుపు మా పెద్దబాపు.

పెద్దబాపు మా బాపుకు అన్న. పెళ్లి చేసుకోలేదు. నిజామాబాద్‌లో ఒక వకీలు దగ్గర మున్షీగా ఏళ్లకేళ్లు అర్జీలు రాసి, ఆ వకీలు పోయాక ఊరికి వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. తెల్ల టోపీ, జేబులో రెండు కలాలు, మాటకు ముందు ఒక దగ్గు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. పొద్దున రామకోటి ఒక పేజీ రాయాలి. అందులో భక్తి, దస్తూరి రెండూ కుదురుతాయనేవాడు. మధ్యాహ్నం బస్సులో నిజామాబాద్ నుంచి చిన్న పత్రిక ఒకటి వచ్చేది. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో నలుగురికీ అది చదివి వినిపించడం ఆయన పని. తర్వాత ఇంటికి తెచ్చి నాచేత చదివించేవాడు. గురువారం వచ్చిందంటే మా ఇద్దరికీ బహస్, అంటే వాదన. నేను ఒక పక్షం, ఆయన ఎదుటి పక్షం.

ఒకసారి నేను కాకి తరఫున వాదించాను. కాకి ఊరంతా శుభ్రం చేస్తుందని చెప్పాను.

"గవా ఎవలు?" అన్నాడు పెద్దబాపు గంభీరంగా. గవా అంటే సాక్షి.

నేను వాకిట్లో వడియాలు పెడుతున్న అవ్వను చూపించాను.

"నేనా?" అంది అవ్వ. "పొద్దుగాల్ల సంది నాలుగు వడియాలు ఎత్కపోయింది. దాని దిక్కు గవా నేను జెప్పాల్నా? తీస్కపోయి జేల్ల ఏయుండ్రి దాన్ని!"

ఆ రోజు నేను ఓడిపోయాను. పెద్దబాపు నవ్వి, "గవాను అడిగినంకనే చూపియ్యాలె బిడ్డా," అన్నాడు.

*

కాలు బలపడాలంటే నడవాలని పెద్దబాపు అనేవాడు. అందుకే చెరుకు కాలంలో చీటీ వచ్చిన ప్రతి రోజూ పొద్దున్నే బాపు బండి వెనకాల వాగు దాటే దాకా నడిచి, అక్కడి నుంచి తిరిగి వచ్చేదాన్ని. వాగు దాటగానే ఒక ఎత్తు. ఎర్రమట్టి, చక్రాలు తొక్కి తొక్కి గాడి పడ్డ దారి. అక్కడ ప్రతి బండీ ఆగేది. అరుపులు, తోకలు మెలిపెట్టడం, ముల్లుగర్రలు.

మా ఎర్రెద్దు అక్కడ ఒక పని చేసేది. ఎత్తు సగం ఎక్కాక ఆగి, కాడి కింద నుంచే మెడ తిప్పి, వెనక్కి చూసేది. చెరుకు మీద కూర్చున్న బాపు దానికి కనిపించాలంటే చాలా తిప్పాలి. కంటి తెల్లగుడ్డు కనబడేంత తిప్పేది. బాపు "హయ్, నడువ్!" అని అదిలించేవాడు. మళ్లీ లాగేది. మోకాళ్లు వణకడం నాకు వెనక నుంచి కనిపించేది. బండి మీద ఉన్న బాపుకు కనిపించేది కాదు.

నాకప్పుడు పన్నెండేళ్లు. నాకు తోచిన ఉపాయం ఒకటి చేశాను. ఊళ్లో పిల్లలు తినడానికి బండ్ల వెనక నుంచి గడలు గుంజేవారు. నేను మా బండిలోంచే గుంజడం మొదలుపెట్టాను, ఎద్దుకు బరువు తగ్గుతుందని. రోజుకు ఐదో ఆరో. దారి పక్క తుప్పల్లో దాచి, తిరిగి వచ్చేటప్పుడు పరికిణీ చాటున పెట్టుకొని తెచ్చి గడ్డివాము వెనక పడేసేదాన్ని. వారం తిరిగేసరికి ఆ వాము వెనక చీమల దండు బయలుదేరింది. చీమల వెంట అవ్వ వెళ్లింది. అవ్వ వెంట బాపు వెళ్లాడు.

"మన బండ్లకెల్లి మనమే దొంగతనమానే?" అన్నాడు బాపు. ఆ గొంతులో కోపం కంటే విస్మయమే ఎక్కువ. "తినబుద్దైతే అడుగరాదు? చేనంత మనదే గదనే!"

"తినతందుకు కాదు బాపు. ఎర్రెద్దుకు బరువైతుంది."

బాపు కాసేపు నన్నే చూసి ఫక్కున నవ్వాడు. "ఐదు గడలకు బరువు తగ్గుతదా పిచ్చిపిల్లా? ఎద్దు ఉన్నదే గుంజుడుకు. ఆడివిల్లవు, నీకేం ఎరుకనే బండి సంగతి!" అని నెత్తి మీద చేయి వేసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ నవ్వుకు నేను గడ్డివాము వెనకే కూర్చొని ఏడ్చాను.

పెద్దబాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. చీమలు పట్టని గడ ఒకటి ఏరి, విరిచి, సగం నాకిచ్చాడు.

"మీ బాపు సెప్పింది బరాబరే," అన్నాడు. "గడలు గుంజితే ఏం గాదు. ఆయన మనసు గుంజాలె."

"నేను సెప్తే నవ్వవట్టె."

"నువ్వు సెప్తే నవ్విండు. నేను సెప్తే, మున్షీగిరి జేసినోడివి నీకేం ఎరుక అంటడు. కని పేపర్ల పడ్డ మాటకు మీ బాపు ఎన్నడన్న నవ్వుడు సూసినవా?"

చూడలేదు. మా ఊళ్లో అచ్చయిన మాటంటే అంత గురి. హోటల్లో పెద్దబాపు పత్రిక చదువుతుంటే బాపు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకొని వినేవాడు.

"మనం పేపరుకు రాస్తమా?" అన్నాను.

"మనం గాదు. నువ్వు," అన్నాడు.

*

మూడుసార్లు రాశాను. మొదటిసారి రాసింది ఇప్పటికీ నాకు గుర్తుంది. "ఓ కఠిన హృదయులారా, మీ గుండెలు రాళ్లా?" అని మొదలుపెట్టాను. పెద్దబాపు దగ్గి, కాయితం మడిచి నా చేతికే ఇచ్చాడు. "తిట్టినంక ఎవడన్న ఇంటడా? నిన్ను గిట్ల తిడ్తె నువ్వు ఇంటవా?"

రెండోసారి భగవంతుడికి మొర పెట్టుకున్నట్టు రాశాను. మూగజీవుల బాధ తీర్చమని, రైతులకు మంచి బుద్ధి ఇయ్యమని. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. పెద్దబాపు ఈసారి రెండుసార్లు చదివాడు. తర్వాత అన్న మాట నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

"బిడ్డా, గిది దేవునికి రాసినట్టున్నది. మంచిగున్నది. కని ఆయనకు అన్ని ఎరుకే, రాయకున్న ఎరుకే. మనిషికి ఎరుక లేదు. మనిషికి సూపియ్యాలె. పైన శ్రీరామ అని రాసుకో, గది దేవునిది. కింద నువ్వు సూసింది రాయి, గది మనుషులది."

"నేను సూసిందేంది?"

"అందరు బండి మీద కూసుండి సూస్తరు. నువ్వు ఎన్కకెల్లి సూసినవు. గా ముచ్చట ఎవలకు ఎరుక?"

ఇంకొకటి కూడా నేర్పాడు. ఎదుటివాడు ఏమంటాడో, వాడికంటే ముందు మనమే, వాడికంటే బాగా చెప్పాలని. అందుకని మూడోసారి బాపు తరఫునే మొదలుపెట్టాను. చీటీలు రోజూ రావని, కోసిన చెరుకు ఎండుతుందని, రైతుకు సరదా కాదు, భయమని రాశాను. రాస్తూంటే బాపు మీద నా కోపం ఎటు పోయిందో తెలియదు. తర్వాత ఎత్తు సంగతి, మోకాళ్ల వణుకు, మెడ తిప్పి చూడటం. చివర్లో అడిగింది ఒక్కటే. బండికి నాలుగు మోపులు తగ్గించండి. నాలుగు మోపులు తగ్గితే సీజనులో ఒకటి రెండు చీటీలు ఎక్కువ పడతాయి. ఎద్దు కాలు విరిగితే ఉన్న చీటీలూ పోతాయి.

పెద్దబాపు చదివి కలం తీశాడు. ఒక్క అక్షరమూ కొట్టేయలేదు. కలం జేబులో పెట్టుకున్నాడు. "పేరు రాయకు. పేరు సూస్తే మాటను సూడరు," అన్నాడు. ‘బోధన్ దగ్గరి ఒక రైతు కుటుంబం’ అని పెట్టాం.

కవరు అంటించాక అవ్వ అడిగి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. కానీ మూడుసార్లు రాయడం, రెండుసార్లు ఏడవడం చూసింది. "ఒక్కపూట దేవుని కాడ పెడ్త. రేపు బోధన్ అంగడికి పొయ్యేటప్పుడు నేనే డబ్బల ఏస్త," అంది. అలాగే చేసింది.

*

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం బస్సు హారన్ కోసం చెవులు రిక్కించుకొని కూర్చునేదాన్ని. పత్రిక ఇంటికి రాగానే పాఠకుల ఉత్తరాలు పడే చోట వేలు పెట్టి కిందికీ పైకీ వెతికేదాన్ని. వేలికి సిరా నలుపు అంటేది. మా ఎద్దు మాత్రం లేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. బాపు బండి ఎత్తు తగ్గలేదు.

ఆ రోజు నేను ఎత్తు కిందే ఉన్నాను. ఎర్రెద్దు ఆగింది, మెడ తిప్పింది, బాపు అదిలించాడు, అది ముందుకు లాగింది. ముందరి కాళ్లు రెండూ జారాయి. మోకాళ్ల మీద కూలబడిన చప్పుడు నాకు ఇక్కడ, ఛాతీలో వినిపించింది. బండి ఒరగలేదు, అది దేవుడి దయ. నలుగురు ఉరికి వచ్చి కాడి విప్పారు. లేచి నిలబడింది. విరగలేదు. కానీ మోకాళ్ల మీద తోలు లేచిపోయి, ఎర్రమట్టీ నెత్తురూ కలిసిపోయాయి.

బాపు దాన్ని ఇంటికి నడిపించుకొచ్చాడు. అవ్వ పసుపు, వేపాకు నూరి వేడి నూనెలో కలిపి మోకాళ్లకు పట్టు వేసింది. ఎద్దు కదలకుండా నిలబడింది, పుట్టింటి పసుపని దానికీ తెలిసినట్టు.

"పదిరోజులు పండవెడ్త. ఎనక మల్ల కడ్త," అన్నాడు బాపు గోడకేసి చూస్తూ. "పక్కోల్ల ఎద్దును తెల్లదానికి జతకడ్త అందాక. సీజన్ల ఏం జెయ్యాలె మరి?" ఎవరూ ఏమీ అనకుండానే జవాబు చెప్పుకుంటున్నాడు.

బాపు లోపలికి వెళ్లాక అవ్వ నా మొహం చూసింది. "ఏడ్వకు. నీ కాయితం అస్తది. నేనేం ఉత్తగ పంపిన్నా? గీ పసుపే నాలుగు మూలలకు మంచిగ పెట్టి, నడుమ కుంకుమబొట్టు పెట్టి పంపిన."

పెద్దబాపు చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. "ఏం బెట్టినవ్?"

"పసుపు. పెట్టొద్దా మరి? మంచి ముచ్చట రాసిన కాయితం ఉత్తగ ఇల్లు దాటితే చావు కార్డు లెక్కుండదా?"

పెద్దబాపు చెంబు కింద పెట్టి, రెండు చేతులతో టోపీ పట్టుకొని, అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చే దాకా నవ్వాడు. "అమ్మా మహాతల్లి! వాళ్లు దాన్ని పెండ్లి పత్రిక అనుకుంటరు గదనమ్మా! గిది పెండ్లిళ్ల కాలం. కట్టగట్టి మూలకు పెట్టుంటరు. విప్పనే విప్పరు!"

అవ్వ బిత్తరపోయింది. తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ పూటే పెద్దబాపు కార్డు రాశాడు. పైన వకీలు ఆఫీసు పద్ధతిలో నమస్కారాలన్నీ పెట్టి, కింద ఒకటే వాక్యం. "దయచేసి మీ దగ్గరకు వచ్చిన శుభలేఖల కట్ట విప్పి చూడగలరు, అందులో మా ఎద్దు ఉన్నది."

*

ఎనిమిదో రోజు జవాబు కార్డు వచ్చింది. సంపాదకుడెవరో మేము ఎన్నడూ చూడలేదు. "మీ ఉత్తరం దొరికినది. ఈ పెండ్లి భోజనానికి పోవాలని మా వాళ్లు ఇద్దరు అనుకొని ఉండిరి. వారు నిరాశపడిరి. ఎల్లుండి అచ్చగును. పెండ్లికొడుకు క్షేమమా?" అని ఉంది.

పెండ్లికొడుకు కొట్టంలో జొన్నచొప్ప నములుతున్నాడు. మోకాళ్ల మీద పసుపు పెళుసుబారి ఉంది. ఎల్లుండి మళ్లీ కాడి ఎత్తాలి.

మరునాడు మధ్యాహ్నం నేను హోటల్ గోడ వెనక, ఉల్లిగడ్డ పకోడీల వాసన వచ్చే కిటికీ కింద నిలబడ్డాను. పెద్దబాపును అన్నానికి పిలవడానికి వచ్చినట్టు. లోపల ఏడెనిమిది మంది ఉన్నారు. బాపు తలపాగా ఒళ్లో పెట్టుకొని ఉన్నాడు. పెద్దబాపు పత్రిక విప్పి, దగ్గి, "ఇయ్యాల గొంతు వట్టుకున్నది. నువ్వు సదువురా," అని పక్కనున్న దర్జీకి ఇచ్చాడు. పెద్దబాపు పాత మున్షీ. తన కేసులో తానే గవా కాడు.

దర్జీ చదివాడు. నేను రాసిన మాటలే. కానీ అవి నావిలా లేవు. నా గుండ్రటి అక్షరాల్లో అవి చిన్నవి. అచ్చులో నల్లగా, నిటారుగా నిలబడి, ఒక పెద్దమనిషి గొంతులో వస్తుంటే, ఇవి ఎవరివో, ఎక్కడి నుంచి వస్తున్నాయో అనిపించింది. గోడకు రెండు చేతులూ ఆనించాను.

మొదటి భాగానికి అందరూ తలలూపారు. "సై! చీటీల బాధ మంచిగ రాసిండు."

ఎత్తు సంగతి రాగానే ఒకాయన, "ఎవడో పట్నపోడు రాసిండు. ఎద్దు తోక వట్టినోడు కాదు," అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు కలిశారు.

దర్జీ చదువుతూ పోయాడు. "ఎత్తు మధ్యలో ఎద్దు ఆగి, మెడ తిప్పి, బండి మీద ఉన్న మనిషిని చూస్తుంది. అది అలసి చూస్తుందని మనం అనుకుంటాం. మొండికేసిందని కొడతాం. అది చూసేది వేరు. మోయలేని బరువు మోసేటప్పుడు, మోయించేవాడు తనతో ఉన్నాడా లేడా అని చూస్తుంది. ఉన్నాడని కనిపిస్తే మళ్లీ లాగుతుంది."

ఎవరూ నవ్వలేదు. పొయ్యి మీద చాయ్ పొంగి మంటలో పడిన చప్పుడు వినిపించింది. పొయ్యి దగ్గరున్నవాడు కూడా దాన్ని దించడం మరిచిపోయాడు.

అప్పుడు బాపు అన్నాడు, నెమ్మదిగా. "రాసినోడు పట్నపోడు కాదు."

"నీకెట్ల ఎరుక?"

"మోకాళ్లు వణుకుడు బండి మీదికెల్లి కనవడదు. ఎన్క నడిసినోనికే కనవడ్తది." తలపాగా చుట్టుకొని లేచాడు. కిటికీ వైపు చూడలేదు. చూడకుండానే బయటికి నడిచాడు.

ఇంటికి వచ్చాక బాపు ఆ మాట ఎత్తలేదు. అవ్వ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తిన్నాడు. చేయి కడుక్కొని కొట్టంలోకి వెళ్లి ఎర్రెద్దు ముందర కూర్చున్నాడు. అంతే. నేను దేవుడి ముందర కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఆయనకు అన్నీ ఎరుకే కదా.

*

"తర్వాత?" అంది మనవరాలు. ఫోను మీద దీపం ఎప్పుడో ఆరిపోయింది.

"నీ బస్ స్టాపు దగ్గర ఎవలు నిలవడ్తరే?" అన్నాను.

"అందరం."

"అందరు కాదు. ఒక్కలను జెప్పు."

ఆలోచించింది. వాళ్ల క్లాసులో ఒక పిల్ల ఉందట. బోధన్ దిక్కు నుంచే వస్తుంది. వాళ్లమ్మ బీడీలు చుట్టి చదివిస్తోంది. బస్సు రాకపోతే మధ్యాహ్నం పూట గంట సేపు కరెంటు స్తంభం సన్నటి నీడలో నిలబడుతుందట, నీడ జరిగినప్పుడల్లా తానూ జరుగుతూ. ఆ మాట చెబుతూ చెబుతూ మా పిల్ల ఆగిపోయింది. ఫోను తీసుకుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి పేజీ నిండింది.

సాయంత్రం మెయిల్ పంపే ముందు అడిగింది. "అమ్మమ్మా, దీనికి పసుపు యాడ పెట్టాలె?"

"అద్దు బిడ్డా," అన్నాను. "మల్ల పెండ్లిల కలుస్తది."

కానీ ఆ పిల్ల అటు తిరిగినప్పుడు, ఫోను వెనక ఒక మూలకు, కనీకనిపించకుండా, కొంచెం పసుపు రాశాను. మా అవ్వ బిడ్డను కదా.

ఇంతకీ హోటల్లో పత్రిక చదివిన తర్వాత ఏమైందంటే, మరునాడు పొద్దున ఎర్రెద్దును కట్టారు. చెరుకు ఎక్కించారు. బాపు ఎప్పటిలాగే పైన నిలబడ్డాడు. కింద ఉన్నవాళ్లు ఇంకో మోపు ఎత్తారు. బాపు చేయి చాచలేదు. "సాలు," అన్నాడు. పెట్టిన వాటిలోంచి కూడా ఒకటి, రెండు, మూడు, నాలుగు మోపులు తానే కిందికి తోశాడు. "ఏందిరా, పేపరోనికి బయపడ్డవా?" అని ఎవరో ఎకసెక్కమాడారు. బాపు నవ్వలేదు, కోపం చేసుకోలేదు. బండి వెనక నిలబడ్డ నా వైపు తిరిగాడు.

"ఏం బిడ్డా, సాలునా? ఇంక దించాల్నా?"

చాలని తలూపాను.

మంచులో వాగు దాటాం. ఎత్తు దగ్గర బాపు బండి దిగాడు. ముల్లుగర్ర బండి మీదే వదిలేశాడు. ఎర్రెద్దు పక్కన నిలబడి, మూపురం మీద చేయి వేసి, "నడువ్ నాయనా," అన్నాడు. అది కదిలింది. నేను వెనక నుంచి చూస్తున్నాను. సగం ఎత్తు వచ్చింది. అది ఎప్పుడూ ఆగే చోటు. గాడిలో దాని గిట్టల గుర్తులు కూడా ఉన్నాయి.

ఆగలేదు. మెడ తిప్పలేదు. చూసుకోవలసిన మనిషి పక్కనే నడుస్తున్నాడు.